నగారా గారి పగ

సినిమాల్లో నగారా గారు నలభై ఏళ్లపాటు రకరకాల హోదాల్లో సేవ చేశారు. జడ్జిగా ఉరిశిక్షలు వేశారు. డాక్టరుగా ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం చూసి ఎంతమంది కథానాయికలు మూర్ఛపోయారో లెక్కలేదు. పోలీసు అధికారిగా అంతా అయిపోయాక జీపు దిగారు. బ్యాంకు మేనేజరుగా అప్పు ఇవ్వనన్నారు, మామగారిగా పిల్లనివ్వనన్నారు, శవంగా ఏమీ అనలేదు. ఇంత సుదీర్ఘమైన ప్రజాసేవ తరవాత కూడా ఆయన గొంతు ఎలా ఉంటుందో ప్రేక్షకులకు తెలియదు. తెలియకుండా చేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన మీద పగ తీర్చుకోవడమే నగారా గారి అసలు వృత్తి. నటన, పొట్టకూటి కోసం పక్కన చేసుకున్న చిన్న ఉద్యోగం.

ఇద్దరూ ఒకే నాటక సమాజంలోంచి వచ్చినవాళ్లు. సమాజం అంటే పెద్దగా ఊహించుకోనక్కరలేదు. ఒక సిమెంటు గోదాము, అందులో బస్తాలు ఖాళీ అయిన మేరకు రిహార్సల్. ఆ దుమ్ముకి నటులందరికీ కళ్లలో నీళ్లు తిరిగేవి కాబట్టి విషాద నాటకాలకు ఆ సమాజానికి మంచి పేరుండేది. మైకులు కొనే స్తోమత లేదు. అక్కడే నగారా గారికి కాలం కలిసొచ్చింది. చివరి వరుసకు వినబడటం ఏ నటుడికైనా ఉండాల్సిన లక్షణం. ఈయన మాట చివరి వరుస దాటి, గోడ దాటి, రోడ్డు దాటి ఎదుటి సైకిల్ షాపు దాకా వెళ్లేది. ఆ షాపాయన ఒక్క టిక్కెట్టు కొనకుండా పదకొండు నాటకాలు కంఠతా పట్టాడు. నగారా అని పేరు పెట్టింది కూడా ఆయనే.

రెండో ఆయనకు ముఖం ఉండేది. ముఖం అందరికీ ఉంటుంది గానీ ఆయనది వేరు. దీపాలు వెలగగానే ఆడవాళ్ల వరుసల్లో గుసగుసలు ఆగిపోయేవి. నోరు తెరవగానే మళ్లీ మొదలయ్యేవి. ఆ విగ్రహంలోంచి కిచకిచమని వచ్చే గొంతు మూడో వరుస దగ్గర అలసిపోయి కూర్చునేది. సమాజంలో ఆయన పేరు పిచిక.

పిచిక నాయకుడు, నగారా నాయకుడి తండ్రి. వయసులో ఇద్దరికీ తేడా రెండేళ్లే. గొంతులో మాత్రం తరం తేడా ఉండేది. పిచిక ఏదో అనగానే వెనకనుంచి "గట్టిగా!" అని అరుపులు. అప్పుడు నగారా గారు ఒక ఉపాయం కనిపెట్టారు. కొడుకు అన్నమాటను తండ్రి ఆశ్చర్యంగా తిరిగి అడగడం. "ఏమిటీ? ఈ ఇంట్లో ఇక క్షణం కూడా ఉండనంటావా?" "ఏమిటీ? ఆ అమ్మాయినే చేసుకుంటానంటావా?" దాంతో హాలుకి కథ అర్థమయ్యేది. తండ్రి కొంచెం మందబుద్ధి అని అనుమానం కలిగేది గానీ నాటకం బతికేది. పైగా ఆ "ఏమిటీ?" కి చప్పట్లు పడేవి.

అది సహాయం అనుకున్నారు నగారా గారు. పిచిక దాన్ని అలా తీసుకోలేదు. తన మాటకు రాని చప్పట్లు, అదే మాట ఇంకొకడి నోట్లోకి వెళ్లగానే రావడం ఆయన రోజూ నిలబడి విన్నాడు. విని నవ్వాడు. నగారా గారి భార్య సమాజానికి వేషాల దుస్తులు కుట్టేది. పిచిక ఆవిడను అక్కా అని, ఆ వరసన నగారా గారిని బావా అని పిలిచేవాడు. "మా బావ లేకపోతే నేను మూగనాయకుణ్ణి అక్కా" అనేవాడు. సూదిలో దారం ఎక్కిస్తూ ఆవిడ ఆ నవ్వు చూసింది. "వాడు పళ్లతోనే నవ్వుతున్నాడండీ, కళ్లతో కాదు" అని మొగుడికి చెప్పింది. నటులకు చివరి వరుస చప్పట్లు వినబడినంత తేలిగ్గా పక్కనున్న భార్య మాట వినబడదు.

కొన్నాళ్లకు పిచిక సినిమాల్లోకి ఎగిరిపోయాడు. అక్కడ మైకు ఉంది. మైకు అనే యంత్రం ఎన్నో అద్భుతాలు చేసిందంటారు. వాటిలో ఒకటి పిచికను హీరోగారిని చేయడం. ఇంకొన్నాళ్లకు ఒక దర్శకుడు పాత నాటకం గుర్తుపెట్టుకుని, హీరో తండ్రి వేషానికి నగారా గారిని పిలిపించాడు. కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టే ఘట్టం ఉంది. రెండు పేజీల మాటలు. నగారా గారు ఒక్క గుక్కలో చెప్పేశారు. పైన దీపాలు చూసుకునేవాళ్లు ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టారు. హీరోగారు కూడా కొట్టాడు. అందరికంటే చివర ఆపాడు.

అప్పట్లో షూటింగులో చెప్పిన మాట సినిమాలో ఉండేది కాదు. తరవాత డబ్బింగ్ థియేటర్లో తెరమీద తన పెదాలు చూసుకుంటూ మళ్లీ చెప్పాలి. నగారా గారు పిలుపు కోసం గొంతు కాపాడుకుంటూ కూర్చున్నారు. చల్లనీళ్లు మానేశారు. భార్యతో పోట్లాట మానేశారు. ఇంట్లో సైగలతో సంసారం చేశారు. పిలుపు రాలేదు. సినిమా వచ్చేసింది.

మొదటి ఆటకు వీధి వీధంతా కదిలింది. నగారా గారి తల్లి కూడా బయలుదేరింది. ఆవిడకు అప్పటికే చూపు బాగా తగ్గిపోయింది. ఎదుట ఉన్నది మనిషో బీరువానో అడిగి తెలుసుకునేది. "చూడక్కర్లేదురా, వింటాను. నీ గొంతు వింటే చాలదూ?" అంది. కొడుకు పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

తెరమీద తండ్రి లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. జలుబు చేసిన గుమాస్తా ఎవరో అందులోంచి మాట్లాడాడు.

వీధి వీధంతా ఒక్కసారి నగారా గారి వైపు తిరిగింది. "ఇదెవరి గొంతండీ?" అంది భార్య. రెండు పేజీల మాటలూ ఆ గుమాస్తా ముక్కు ఎగబీలుస్తూ చెప్పాడు. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని ఓపిగ్గా వింటోంది. విశ్రాంతి అయింది. సినిమా అయిపోవచ్చింది. అప్పుడు ఆవిడ కోడలివైపు వంగి నెమ్మదిగా అడిగింది:

"మావాడెప్పుడొస్తాడు?"

తరవాతి వారం నగారా గారు హీరోగారి మేకప్ గదికి వెళ్లారు. చుట్టూ బల్బులున్న అద్దం ముందు ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ముఖానికి రంగు వేయిస్తున్నాడు.

"రా బావా, రా! అక్క బాగుందా?"

"నా గొంతు ఎందుకు తీయించావు?"

"నేను తీయించడమేంటి? అది టెక్నికల్."

"టెక్నికల్ అంటే?"

"అంటే నువ్వు మాట్లాడితే నేను వినబడట్లేదు." ఒక కన్ను తెరిచాడు. "సినిమా అంటే ముఖం బావా. నీ ముఖం ఉంచాంగా! గొంతుదేముంది, రోజుకూలీకి దొరుకుతుంది."

"మా అమ్మ వచ్చింది సినిమాకి."

"అలాగా? పెద్దావిడకి నచ్చిందా?"

నగారా గారు తలుపువైపు తిరిగారు. అనగలిగిన మాటలు చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటికీ గొంతు కావాలి. గొంతుతో ఇక ఏం చేయాలో ఆయన ఆ గదిలోనే తేల్చుకున్నారు: ఈ మనిషి చేతనే, ఈ మనిషి నోటితోనే, చేసింది ఒప్పించాలి. జనం మధ్య. ఎలాగో తెలియదు. ఎప్పుడో తెలియదు. ఆ తల్లి రెండో సినిమా దాకా ఉండలేదు.

ఆ తరవాత జరిగింది తర్కశాస్త్రంలో పాఠంగా పెట్టదగినది. ఏ నిర్మాత దగ్గరికి వెళ్లి నా మాట నేనే చెప్పుకుంటానన్నా ఒకటే జవాబు. "మీ గొంతు పనికొచ్చేదైతే ఆ మొదటి సినిమాలోనే ఉంచేవాళ్లుగా సార్!" దీన్ని ఖండించడం దేవతల వల్ల కూడా కాదు. దాంతో ప్రతి సినిమాకీ కొత్త గొంతు. ఒకే ఏడాది మూడు సినిమాలొస్తే మూడింట్లో మూడు రకాలు. ఒకదాంట్లో అయితే, నగారా గారి జడ్జి వేషానికి చెప్పినాయనే ముద్దాయికి కూడా చెప్పడంతో, జడ్జీ ముద్దాయీ ఒకే గొంతుతో వాదించుకుని ఒకే గొంతుతో రాజీపడ్డారు. కరెంటు ఆఫీసులో ఈయన నోరు విప్పేసరికి అక్కడి గుమాస్తా అదిరిపడి, "సార్, బయట మీకు డబ్బింగ్ ఎవరు చెప్తున్నారు? వాడెవడో భలే చెప్తున్నాడు, సినిమాల్లో కూడా వాణ్ణే పెట్టుకోండి" అని సలహా ఇచ్చాడు.

ఆదివారాలు గోదాములో నాటకాలు వేసేవారు. అక్కడైనా ఆ గొంతు బతికింది. ఆదివారాలు తగ్గాయి, వరుసలు తగ్గాయి, సైకిల్ షాపు మూతపడింది. చివరికి గోదాము మళ్లీ సిమెంటుకే అంకితమైపోయింది.

ఈలోగా నగారా గారు ఒక విద్య సంపాదించారు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో పిచికలా మాట్లాడేవారు. మొదట్లో కసి తీరడానికి. తరవాత అలవాటుగా. వాక్యం చివర గాలి అయిపోవడం, కోపమొస్తే గొంతు ముక్కులోకి ఎక్కడం, పెద్ద డైలాగు ముందు చిన్న దగ్గు, ఏదీ వదల్లేదు. పిచిక ముసలివాడవుతుంటే అద్దంలో గొంతు కూడా ముసలిదవుతూ వచ్చింది. ప్రేమించిన వాళ్లని మనం ఇంత శ్రద్ధగా వినం. భార్య వంటింట్లోంచి "తమ్ముడొచ్చాడా? వాణ్ణి బయటే ఉండమనండి" అనేది.

హీరోగారి సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఆయనకు మాటలు గుర్తుండవు. మొదట్లో గుర్తుండేవి, గొప్పవాడయ్యాక మానేశాయి. దానికి మందుగా, కెమెరా ముందు డైలాగు బదులు ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టాడు. సినిమా తల్లి శవం మీద పడి పదమూడో ఎక్కం చెబుతూ కుమిలిపోయేవాడు. "పదమూడు ఏడ్ల తొంభై ఒకటి!" అని గుండె బాదుకుంటుంటే కొత్తవాళ్లు నిజంగా ఏడ్చేవారు. తరవాత డబ్బింగులో మాటలు అతికించుకునేవాడు. ఎక్కాలకూ మాటలకూ పెదాలు కుదరని చోట దర్శకులు ఆయన్ని అటు తిప్పి నిలబెట్టేవాళ్లు. కెమెరాకు వీపు, చేతులు వెనక, దూరంగా చూపు. కొన్నాళ్లకు అదే ఆయన ప్రఖ్యాత భంగిమ అయిపోయింది. క్యాలెండర్ల మీద కూడా వచ్చింది.

హీరోగారి ఆఖరి సినిమా అని చాటిన సినిమాకు ఆయన కొడుకే నిర్మాత. హీరోగారు పెద్ద ఫ్యాక్టరీ యజమాని. నగారా గారు ఆయన కారు డ్రైవరు. మూడు మాటలున్న వేషం. యజమాని చేసిన తప్పొకటి డ్రైవరు చూశాడు, నోరు మూసుకుని బతికాడు, చివర్లో యజమాని అతన్ని పనిలోంచి తీసేస్తాడు. కారు షెడ్డులో ఆ ఘట్టం తీసిన రోజు హీరోగారు గోడవైపు తిరిగి పదిహేడో ఎక్కం చెప్పి, మధ్యలో దగ్గుతెర వచ్చి, భుజాలు అదిరేలా చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు మామూలుది కాదని వారంలో తేలింది. ఆపరేషన్ అయింది.

హీరోగారి కొడుకు నగారా గారి ఇంటికొచ్చాడు. కుట్టుమిషను పక్కన గుడ్డపేలికలు పక్కకు నెట్టి కూర్చున్నాడు. అవసరాన్నిబట్టి వరస కలిపాడు.

"మామయ్యా, నాన్న ప్రాణానికి భయం లేదన్నారు. గొంతే..."

కుట్టుమిషను ఆగింది.

"గొంతుకేమైంది బాబూ?" అంది నగారా గారి భార్య. ఆ తీపి ఆవిడ గొంతులో పెళ్లయిన కొత్తలో కూడా వినలేదు ఆయన.

"పోయిందత్తయ్యా. ఇక రాదన్నారు."

"అయ్యో పాపం" అని ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి టీ తెచ్చింది. ముఖం మళ్లీ సర్దుకుని ఉంది.

కొడుకు సంగతి చెప్పాడు. డబ్బింగ్ మొత్తం మిగిలిపోయింది. మిమిక్రీవాళ్లని పిలిస్తే అందరూ నాన్న వయసులో ఉన్నప్పటి గొంతే చెప్తున్నారు. ఇప్పటి గొంతు ఎవరికీ రాదు. సెట్లో డ్రైవరు వేషంలో ఉన్న నగారా గారు చాటుగా హీరోగారిని అనుకరిస్తుంటే విని, దర్శకుడు అచ్చం ఆయనే అనుకుని లేచి నిలబడ్డాడట.

"చెప్తాను" అన్నారు నగారా గారు. "ఒక్క షరతు. నా డ్రైవరు మాటలు కూడా నేనే చెప్పుకుంటాను. నా గొంతుతో."

ఎదురుగా కూర్చుని అరగంటగా ఆ గొంతే వింటున్న కొడుకు కళ్లు పెద్దవి చేశాడు. "మీకు గొంతుందా మామయ్యా?"

అతను వెళ్లాక నగారా గారు గదిలో అటూ ఇటూ తిరిగారు. "చూస్తుండు. పిచిక గొంతు ఎలా ఉండేదో అలాగే కిచకిచలాడించేస్తాను. హాలంతా నవ్వి చావాలి."

"నవ్వి ఊరుకుంటారు" అంది భార్య దారం కొరికి. "పాపం, గొంతు పోయాక ఎవడో చెడగొట్టాడంటారు. జాలిపడతారు. ఆయన మీద జాలి పడే జనాన్ని నేను చూడలేను. బాగా చెప్పండి."

"బాగా చెప్పడం ఏం పగే?"

"ఆయన నోరు మీ చేతికొచ్చిందండీ. దాంతో ఏం చేయాలో కూడా నేనే చెప్పాలా?"

డబ్బింగ్ థియేటర్లో వెలుగు తక్కువ, చలి ఎక్కువ. అద్దం అవతల శబ్దం చూసే అమ్మాయి, ఆవిడ పక్కన దర్శకుడు. నగారా గారు మైకు ముందు నిలబడి, తెరమీద ఎక్కాలు చెబుతున్న పెదాలకు మాటలు తొడిగారు. ఇరవై నాలుగుకి 'ఇంటికి రాకు' సరిపోయింది. నలభై ఎనిమిదిని 'నరకం అంటే ఇదీ' తో సర్దారు. దర్శకుడు తొడ చరుచుకుంటూ, "సార్ గొంతుకంటే సార్ గొంతులా ఉంది" అన్నాడు.

షెడ్డు ఘట్టం వచ్చింది. తెరనిండా హీరోగారి వీపు. కాగితంలో యజమాని మాట ఒకటే: "తాళాలు అక్కడ పెట్టి వెళ్లు." ఆ తరవాత దగ్గుకు అదిరిన భుజాలు; అది కత్తిరించేద్దామనుకున్న ముక్క. ఇంకా కత్తిరించలేదు. భుజాలు అదురుతున్నాయి. దూరం నుంచి చూస్తే, దగ్గు సంగతి తెలియనివాళ్లకు, అది దగ్గులా లేదు.

నగారా గారు మైకు దగ్గరికి జరిగారు. హీరోగారి గొంతులో, వాక్యం చివర గాలి అయిపోయే ఆ ముసలి గొంతులో, నెమ్మదిగా అన్నారు:

"తాళాలు అక్కడ పెట్టి వెళ్లు... నీ నోరు నొక్కింది నేనే. నాకు తెలుసు. తెలిసే చేశాను. నన్ను క్షమించు."

అద్దం అవతల అమ్మాయి మీట ఆపింది. "బాబాయ్, ఇది కాగితంలో లేదు."

"పెదాలు కనబడుతున్నాయా అమ్మా?"

"లేదు. వీపేగా."

"మరి వీపుకేం అభ్యంతరం?"

దర్శకుడు ఆ ముక్క మళ్లీ వేయించుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇదే నా మనసులో మొదటినుంచీ ఉన్నది" అని ప్రకటించాడు. ఇలాంటివి దర్శకులకు మొదటినుంచీ మనసులోనే ఉంటాయి, ఎవరో చెప్పేదాకా బయటికి రావు.

పెద్దలకు ముందుగా వేసి చూపించిన రోజున హీరోగారు మొదటి వరుసలో మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. నగారా దంపతులు ఆయన వెనక వరుసలోనే కావాలని చోటు సంపాదించారు. షెడ్డు ఘట్టంలో తన వీపు తనకు తెలియకుండా క్షమాపణ అడిగేసరికి ఆయన దిగ్గున లేచాడు. తెరవైపు వేలు చూపించాడు. రెండు చేతులూ ఊపాడు. నోరు తెరిచాడు, మూశాడు, తెరిచాడు. శబ్దం లేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

"చూశారా, పాపం, తట్టుకోలేకపోతున్నారు" అంది ఎవరో ఆవిడ ముక్కు చీదుతూ.

"నాన్నా, కూర్చోండి నాన్నా, జనం ఏడుస్తున్నారు" అని కొడుకు చెయ్యి పట్టి లాగాడు. హీరోగారు చుట్టూ చూశాడు. నిజంగానే ఏడుస్తున్నారు. యాభై ఏళ్లలో తన సినిమాకు ఇంతమంది ఒకేసారి ఏడవడం ఆయన చూడలేదు. అభ్యంతరానికి ఎత్తిన చెయ్యి గాలిలో కాసేపు ఆలోచించి, అభివాదంగా మారి దిగింది. అక్కడే ఆయన పట్టుబడిపోయాడు. ఆ మాట నాది కాదు అంటే ఆ ఏడుపు కూడా ఆయనది కాకుండా పోతుంది.

పత్రికలు ఆయన వీపును ఆకాశానికెత్తాయి. ముఖంతో నటించేవాళ్లను చూశాం, వీపుతో పశ్చాత్తాపం పలికించిన నటుణ్ణి ఇప్పుడే చూశాం అని రాశారు. నగారా గారు పేపరు చివరిదాకా చదివారు. చివర్లో ఒక వాక్యం ఉంది: డ్రైవరు పాత్రకు గొంతు అరువిచ్చిన అజ్ఞాత కళాకారుడెవరో గానీ అతనికి మంచి భవిష్యత్తు ఉంది.

నగారా గారు పేపరు మడిచి, మడిచి, ఇక మడవడానికి వీలుకానంత మడిచారు. "అజ్ఞాత కళాకారుడట" అన్నారు.

"సన్మానం ఎప్పుడండీ ఆయనకి?" అంది భార్య.

సన్మాన సభకు పెద్ద హాలు, పైన మేడమీద కూడా కుర్చీలు. హీరోగారి గొంతుగా నగారా గారిని కూడా వేదిక ఎక్కించారు. హీరోగారికి అందుబాటులో ఉండాలి గదా. ప్రశంసలు అయ్యాయి, జ్ఞాపిక ఇచ్చారు. సభ నడిపే ఆవిడ మైకు పట్టుకుని వంగి, "సార్, అభిమానులకు ఏమైనా చెప్తారా?" అంది. హీరోగారు నగారా గారి వైపు తిరిగాడు. పెదాలు కదిపాడు. చాలాసేపు కదిపాడు.

నలభై ఏళ్లు ఆ పెదాలను చూసి వినడం నేర్చుకున్న మనిషి నగారా గారు. ఒక్కమాట పొల్లుపోకుండా అర్థమైంది. మొదటిది సిమెంటు గోదాము రోజుల్లో వాడే మాట. రెండోది అంతకంటే పాతది. మూడోది నగారా గారి వంశవృక్షానికి సంబంధించినది. హీరోగారు అవన్నీ చిరునవ్వుతో, కెమెరాలకు ముఖం సరైన కోణంలో పెట్టి మరీ అన్నాడు.

"ఏమంటున్నారు సార్?" అంది సభ నడిపే ఆవిడ, మైకు నగారా గారికి అందిస్తూ.

నగారా గారు మైకు తీసుకున్నారు. హీరోగారి గొంతులో మొదలుపెట్టారు.

"అంటున్నాను... ఈ చప్పట్లు నావి కావు అంటున్నాను."

హాలు కరిగిపోయింది. హీరోగారి చిరునవ్వు అలాగే ఉంది, పెదాలు మాత్రం ఆగాయి.

"మా బావ మొదటి సినిమాలో నాకు తండ్రిగా వేశాడు. ఆయన గొంతు తీయించేసింది నేనే. టెక్నికల్ అన్నాను. టెక్నికల్ కాదు. ఆయన మాట్లాడితే నేను వినబడను. నాటకాల్లోనూ వినబడలేదు. ఆ కడుపుమంటతో తీయించాను. ఆ తరవాత నలభై ఏళ్లు ఆయన నోట్లో ఎవరెవరో మాట్లాడారు. నేను చూస్తూ ఊరుకున్నాను." ఒక చిన్న దగ్గు, సరిగ్గా హీరోగారి దగ్గు. "డ్రైవరు గొంతు ఎవరిదో అని పేపర్లో రాశారు. అది ఆయనదే. నమ్మకపోతే వినండి."

నగారా గారు మైకు ఆపి, బల్ల మీద పెట్టారు. రెండడుగులు ముందుకొచ్చారు.

"అది నేనే" అన్నారు.

మేడమీద చివరి కుర్చీలో కునుకుతున్నాయన ఉలిక్కిపడి లేచాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తరవాత మొదలైన చప్పట్లు హీరోగారికా, నగారా గారికా అని తేల్చి చెప్పడం కష్టం. తేల్చుకోవాలని హీరోగారు కుర్చీలోంచి లేచాడు. గబగబా వచ్చి నగారా గారిని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఫోటోలు వరసగా మెరిశాయి. ఆ ఫోటోల్లో ఇద్దరు వృద్ధ మిత్రుల ప్రేమ తప్ప ఏమీ కనబడదు. హీరోగారి గోళ్లు నగారా గారి వీపులో ఎంత లోతుకు దిగాయో, కోటు ఇప్పాక భార్య చూసింది.

నగారా గారు ఆయన చెవిలో, ఆయనకు మాత్రమే వినబడేలా, ఆయన గొంతులోనే చెప్పారు: "చాలా బాగా చెప్పావురా పిచికా. నీ జీవితంలో ఇదొక్కటే చివరి వరుస దాకా వినబడింది."

వారం తిరక్కుండా కొడుకు మళ్లీ వచ్చి గుడ్డపేలికలు పక్కకు నెట్టి కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"మామయ్యా, ఇంకో సభ. ఇంకా పెద్దది. మీరొస్తే తను రానని నాన్న పలక మీద రాసి చూపిస్తున్నాడు. మీరు రాకపోతే నాన్న కూడా వద్దని సభవాళ్లంటున్నారు. ఏం చేయను?"

"మీ నాన్న వస్తాడు బాబూ" అంది నగారా గారి భార్య మిషను తొక్కుతూ. "దండిగా జనం ఉంటారని చెప్పు. వస్తాడు."

"అది కాదత్తయ్యా... ఒప్పుకున్నాడు గదా. అందరి ముందూ అయిపోయింది గదా. ఇంకేం మిగిలింది?"

నగారా గారు అద్దం ముందు గడ్డానికి నురగ రాసుకుంటున్నారు. కత్తి ఆపారు.

"సభ ఎంతసేపు?"

"రెండు గంటలు మామయ్యా."

"చాలదు" అన్నారు నగారా గారు.